ఆల్ టెరైన్ టైర్లు కొనే ముందు: నెల్లూరు, ప్రకాశం దారుల్లో తిరిగేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలులో తెలిసినవారు ఎవరైనా కొత్తగా జీపు కొంటే, నెల తిరగకముందే టైర్ల గురించి నాకు ఫోను వస్తుంది. నాకు టైర్ల దుకాణం లేదు. చీమకుర్తి క్వారీల వైపు పని మీద, భైరవకోన, పెంచలకోన వైపు సరదా మీద తిరిగి, నాలుగు సెట్లు అరగదీసి, రెండు టైర్ల పక్కలు చీల్చుకున్న అనుభవం మాత్రం ఉంది. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి, ఆ జవాబులన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఆల్ టెరైన్ టైరు అంటే అసలు ఏమిటి?

ఎస్‌యూవీలకు, జీపులకు దొరికే టైర్లు ప్రధానంగా మూడు రకాలు. హెచ్.టి. అంటే హైవే టైరు. దాని బటన్లు, అంటే నేలను తాకే రబ్బరు దిమ్మెలు, దగ్గరదగ్గరగా, వాటి మధ్య గాడులు సన్నగా ఉంటాయి, తారు రోడ్డు మీద చప్పుడు లేకుండా పోతుంది. ఎం.టి. అంటే బురద టైరు. ట్రాక్టరు టైరుకు తమ్ముడిలా ఉంటుంది, బటన్లు పెద్దవి, వాటి మధ్య ఖాళీ ఎక్కువ. ఈ రెండింటికీ మధ్యది ఏ.టి., అంటే ఆల్ టెరైన్. మట్టిలో, రాళ్లలో పట్టు దొరికేంత ఖాళీ ఉంటుంది, తారు మీద బటన్లు మరీ ఊగిపోకుండా వాటిని ఒకదానితో ఒకటి ముడివేసినట్టు అమరుస్తారు. ఒక్కో బటను మీద కనిపించే సన్నని కోతలు తడి నేల మీద పట్టు కోసం.

మా మేనమామ 'ఏ.టి. టైరు' అంటే ఏట్లో దిగే టైరనుకున్నారు. పెన్నా ఎండిన రోజుల్లో ఆ అర్థమూ తప్పేమీ కాదు.

నేను ఎక్కువగా హైవే మీదే తిరుగుతాను. నాకు ఇవి అవసరమా?

చాలామందికి అవసరం లేదు. ఒంగోలు నుంచి నెల్లూరుకు 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లి రావడం, పండుగకు ఊరికి పోవడం, ఏడాదికి రెండుసార్లు పొలం గట్టు ఎక్కడం, ఇంతే అయితే మంచి హెచ్.టి. టైరు చాలు. మిగిలే డబ్బుతో గాలి కొలిచే గేజ్, చిన్న కంప్రెసర్ కొనుక్కోండి. వాటి సంగతి కింద మళ్లీ వస్తుంది.

వారానికి రెండు మూడు రోజులైనా తారు దిగే పని ఉన్నవారి సంగతి వేరు. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగేవారు, ఉదయగిరి, సీతారామపురం వైపు మెట్ట పొలాలు ఉన్నవారు, గ్రానైట్ పనుల్లో ఉన్నవారు ఏ.టి. కొంటే డబ్బు వృథా కాదు. చూడటానికి బాగుంటుందని కొనేవారితో నేను వాదించను, వాహనం వారిది.

నాది ఫోర్ వీల్ డ్రైవ్ కాదు. బొలెరోకు ఏ.టి. వేస్తే ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది. టైరుకు, నేలకు మధ్య పట్టు ఎన్ని చక్రాలు తిరుగుతున్నా పట్టే. కాకపోతే ఒక వెనుక చక్రం గాలిలోనో, జారే బురదలోనో పడితే ఇంజను బలమంతా అటే పోతుంది, ఎంత ఖరీదైన టైరైనా అక్కడ ఏమీ చేయలేదు. వెనుక చక్రాలకు మాత్రమే ఏ.టి. వేసి ముందు నున్నబడిన హెచ్.టి. ఉంచేవారిని చూశాను. బండి ఎక్కడమైతే ఎక్కుతుంది, తడి రోడ్డు మీద స్టీరింగు మాట వినదు. వేస్తే నాలుగూ వేయండి.

మా దారి నిండా సర్కారు తుమ్మ. ఏ.టి. వేస్తే పంచర్లు ఆగుతాయా?

తగ్గుతాయి, ఆగవు. మన రెండు జిల్లాల్లో టైర్లకు పెద్ద శత్రువు రాయి కాదు, సర్కారు తుమ్మ ముల్లు. చెరువు గట్లు, బీడు భూములు, కాలువల పక్కలు అన్నీ దానివే. కంప కొట్టి దారి పక్కన పడేసిన వారం రోజుల్లో ఆ ముల్లు ఎండి మేకులా గట్టిపడుతుంది.

కొత్త ఏ.టి. టైరుకు బటన్ల మందం ఎక్కువ కాబట్టి చాలా ముళ్లు లోపలి పొర దాకా చేరకుండానే విరిగిపోతాయి. గాడుల అడుగున మాత్రం రబ్బరు పలచనే, అక్కడ దిగితే లోపలికి పోతుంది. ట్యూబ్‌లెస్ టైరులో విరిగిన ముల్లు దాని రంధ్రాన్ని అదే మూసి పెడుతుంది, గాలి రోజుకు కొంచెం చొప్పున పోతుంది. అందుకే రెండు మూడు రోజులకోసారి గాలి చూసుకోవాలి. పొలం మధ్యలో ముల్లు కనిపించగానే పీకేయాలనిపిస్తుంది. పీకకండి. గాలి నింపుకుని పంచరు షాపు దాకా వచ్చి అక్కడ తీయించండి.

పంచరు వేయించేటప్పుడు ఒక మాట. బటన్లున్న భాగంలో పడిన రంధ్రానికి లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్యాచ్ వేయించడం మేలు. బయటి నుంచి దూర్చే స్ట్రిప్ ఊరు చేరడానికి సరిపోతుంది. సైడ్‌వాల్‌లో, అంటే టైరు పక్కగోడలో, పడిన రంధ్రానికి ఏ ప్యాచూ వేయించకండి, ఆ టైరు హైవేకు పనికిరాదు. "ఏమీ కాదు సార్, నేను వేస్తాను కదా" అని షాపువారు అన్నా సరే.

చీమకుర్తి వైపు క్వారీ దారుల్లో టైర్ల పక్కలు చీలిపోతున్నాయి. ఎలాంటివి కొనాలి?

ఇక్కడ నాకు చెప్పాల్సింది చాలా ఉంది, ఆ రెండు టైర్లు పోయింది అక్కడే కాబట్టి.

చీమకుర్తిలో దొరికే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతా తిరిగి ఇళ్లలో నేలగా మెరుస్తుంది. అదే రాయి పగిలిన ముక్కగా దారిలో ఉంటే కత్తి. ఏటి గులకరాయికి అంచు ఉండదు, ఎక్కి దిగిపోవచ్చు. క్వారీ ముక్కకు అన్నీ అంచులే. పైగా లారీలు తొక్కి తొక్కి దారిలో లోతైన చాళ్లు పడతాయి. మన చక్రం చాలులోకి దిగగానే పక్కగోడ చాలు అంచును రాసుకుంటుంది. రాయి ఆ అంచులోనే కూర్చుని ఉంటుంది.

అందువల్ల ఈ దారులకు బటన్ల ఆకారం కంటే సైడ్‌వాల్ బలం ముఖ్యం. దుకాణంలో రెండు సంగతులు అడగండి. ఒకటి, టైరు సైజు ముందు ఎల్.టి. అని ఉందా? ఉంటే అది బరువు మోసే లైట్ ట్రక్ రకం, లోపలి అల్లిక గట్టిగా ఉంటుంది. రెండు, లోడ్ రేంజ్, అంటే బరువు మోసే తరగతి, ఏమిటి? సి అంటే ఆరు ప్లై, డి అంటే ఎనిమిది, ఇ అంటే పది. ఇది లోపల నిజంగా ఉన్న పొరల లెక్క కాదు, బలానికి పాతకాలం నుంచి వస్తున్న కొలత. దీనితోపాటు బటన్లు భుజం దాటి సైడ్‌వాల్ మీదికి కొంత దిగి ఉన్న డిజైన్ ఎంచుకుంటే రాపిడిని అవే కాస్తాయి.

నష్టమూ ఉంది. ఎల్.టి. టైరు బిగుతుగా ఉంటుంది, బరువెక్కువ, గుంతలు నడుముకు తెలుస్తాయి. అంతే బరువు మోయడానికి మామూలు టైరు కంటే దానికి గాలి కూడా ఎక్కువ కావాలి. దాదాపు 1,200 కిలోల జిమ్నీకి పది ప్లై టైరు వేయడం ఎద్దు మూపున ఏనుగు అంబారీ కట్టడమే. బొలెరో, థార్, గూర్ఖా క్వారీ పనికి తిరుగుతుంటే అప్పుడు ఆలోచించండి.

డ్రైవింగులో కూడా చిన్న మార్పు కావాలి. రాయిని తప్పించబోయి పక్కగా గీసుకుపోవడం కంటే, నెమ్మదిగా బటన్ల మీదుగా ఎక్కించి దించడం మంచిది. టైరులో బలమైన భాగం అదే.

మైపాడు, కొత్తపట్నం ఇసుకలో దిగబడిపోయాను. ఏ టైరు వేస్తే దిగబడదు?

టైరును నిందించే ముందు గాలి ఎంత పెట్టారో చెప్పండి. ఈ ప్రశ్న అడిగినవారిలో దాదాపు అందరూ హైవేకు పెట్టిన 33, 35 పి.ఎస్.ఐ. ఒత్తిడితోనే ఇసుకలోకి దిగినవారు.

పొడి ఇసుకలో గాలిని 18 పి.ఎస్.ఐ. వరకు దించండి. ఇంకా కదలకపోతే 15. గాలి తగ్గితే టైరు నేలను తాకే భాగం పొడవుగా సాగుతుంది. వెడల్పు పెరిగేది కొద్దిగానే, అసలు లాభం పొడవులో ఉంది. ఒంటె పాదంలా బరువు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. ఇసుకలో ఎం.టి. టైరు పెద్ద బటన్లు గునపాల్లా తవ్వుకుంటూ పోతాయి, ఏ.టి. మేలు. నిజానికి గాలి తగ్గించిన హెచ్.టి. కూడా గాలి తగ్గించని ఎం.టి.ని ఓడిస్తుంది.

గాలి తక్కువ ఉన్నంతసేపు వేగం 30 దాటకూడదు, స్టీరింగు ఒక్కసారిగా తిప్పకూడదు. తిప్పితే టైరు అంచు రిమ్మును వదిలేస్తుంది. తారు ఎక్కే ముందు మళ్లీ నింపాలి, అందుకే కంప్రెసర్ వెంట ఉండాలన్నాను. బ్యాటరీకి తగిలించే 12 వోల్టుల రకం చాలు.

ఇంకో సంగతి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గూడు ఇసుక కింద ఉంటుంది, పైకి కనిపించదు. ఆ నెలల్లో తీరం ఇసుక మీదికి బండి దించకండి. ఇసుక సాధన చేయాలంటే ఊరికి దగ్గరలో ఎండిన వాగులు ఉన్నాయి.

నల్లరేగడిలో వాన పడితే ఏ.టి. లాగుతుందా?

లాగదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బి జిగురవుతుంది, రెండు చుట్లు తిరిగేసరికి గాడులన్నీ పూడుకుపోయి, టైరు రాగి సంకటి ముద్దలా తయారవుతుంది. ఎం.టి. టైరు తన బురదను తానే విసిరేసుకుంటుంది కాబట్టి కొంత నయం. అయితే ఏడాదిలో నెల రోజుల బురద కోసం పదకొండు నెలలు ఎం.టి. మోత భరించడం నాకు ఇష్టం లేదు. నాగులుప్పలపాడు వైపు రైతులు చేసేదే నేనూ చేస్తాను: వాన వెలిసిన రెండో రోజు పోతాను. తప్పనిసరైతే ట్రాక్టరు ఉంది.

సైజు పెంచవచ్చా?

కొద్దిగా పెంచవచ్చు. ముందు లెక్క తెలుసుకోండి. బొలెరోకు కంపెనీ ఇచ్చేది 215/75 ఆర్ 15. అంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ము 15 అంగుళాలు. మొత్తం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. చాలామంది వేసే 235/75 ఆర్ 15 ఎత్తు 733 దాకా వస్తుంది. తేడా 30 మిల్లీమీటర్లు. అందులో సగం, అంటే 15 మిల్లీమీటర్లే బండి పైకి లేస్తుంది. ఇంత హడావిడి చేసి నేల నుంచి గెలిచింది బొటనవేలి మందం కంటే తక్కువ.

పోగొట్టుకునేది చూడండి. ఎత్తు నాలుగు శాతం పెరిగింది కాబట్టి స్పీడు మీటరు 100 చూపిస్తే మునుపటి లెక్కలో మీరు 104లో ఉన్నట్టు. ఓడోమీటరు తక్కువ తిరుగుతుంది, కాబట్టి మైలేజీ పడిపోయినట్టు నిజం కంటే ఎక్కువగా కనిపిస్తుంది. పికప్ తగ్గుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు, లోడు మీద గుంతలో పడినప్పుడు టైరు మడ్‌గార్డును రాసుకోవచ్చు. కొనే ముందు దుకాణంలోనే ఒక చక్రం బిగించి రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడమనండి.

మొత్తం ఎత్తులో మూడు శాతం లోపు మార్పు నాకు సమ్మతం. జిమ్నీకి 195/80 ఆర్ 15 బదులు 215/75 ఆర్ 15 వేస్తే తేడా ఒకటిన్నర శాతమే. 2020 థార్‌లో 16 అంగుళాల రిమ్ముకు 245/75, 18 అంగుళాల రిమ్ముకు 255/65 కంపెనీయే ఇచ్చింది. ఆఫ్‌రోడ్డుకు నేను 16 వైపే మొగ్గుతాను, పక్కగోడ ఎత్తు ఎక్కువ, గాలి తగ్గించడానికి చోటుంటుంది.

చట్టం సంగతి: కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు. మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకొచ్చే టైర్లు వేసుకుంటే తనిఖీలోనూ, బీమా క్లెయిమ్ సమయంలోనూ పేచీ వస్తుంది.

సైడ్‌వాల్ మీద ఇంకా ఏమి చదవాలి?

సైజు పక్కన 112ఎస్ వంటిది ఉంటుంది. 112 అంటే ఒక్కో టైరు 1,120 కిలోలు మోయగలదు. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వరకు, టి అంటే 190, క్యూ అంటే 160. బరువు సంఖ్య కంపెనీ టైరు మీద ఉన్నదాని కంటే తగ్గకూడదు. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలి. మూడు శిఖరాల మధ్య మంచు రేకు బొమ్మ ఉన్న టైరు చూపించి ఎక్కువ ధర చెబితే నవ్వి ఊరుకోండి. అది మంచుకు సంబంధించిన గుర్తు, కావలిలో మంచు పడే రోజు వచ్చినప్పుడు చూద్దాం.

అన్నిటికంటే ముఖ్యం తేదీ. డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. ఆరు నెలల లోపుది అయితే సంతోషం, ఏడాది దాటితే నేను తీసుకోను. ఏ.టి. సైజులు మన దగ్గర నెమ్మదిగా అమ్ముడవుతాయి, గోడౌనులో ఎండకు మాగిన సరుకు అంటగట్టే అవకాశం ఎక్కువ. వరుస టైరు లోపలి వైపుకు ఉందంటే బిగించక ముందే చూడాలి. బిగించాక బండి కిందికి దూరాల్సి వస్తుంది, నేను దూరాను.

మన ఎండకు ఏ.టి. టైర్లు తట్టుకుంటాయా?

తట్టుకుంటాయి, గాలి సరిగా ఉంటే. రోహిణి కార్తెలో తారు మీద చెప్పు అంటుకుపోతుంటే చాలామంది "ఎండకు గాలి వ్యాకోచిస్తుంది, తగ్గించి పెట్టండి" అంటారు. ఇది తిరగేసిన సలహా. వేడి 10 డిగ్రీలు పెరిగితే పెరిగేది సుమారు ఒకటిన్నర, రెండు పి.ఎస్.ఐ. మాత్రమే, దాన్ని లెక్కలో పెట్టుకునే కంపెనీ అంకె ఇస్తుంది. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువ మడతపడి లోపల వేడెక్కుతుంది. ఏ.టి.కి రబ్బరు మందం కాబట్టి ఆ వేడి త్వరగా బయటికి పోదు. మే నెలలో హైవే మీద టైరు పేలడానికి ఇది ఒక పెద్ద కారణం. పొద్దున్నే, బండి కదలక ముందు గాలి కొలవండి, డోరు పక్కన అంటించిన అంకె పెట్టండి; ఎల్.టి. టైరైతే పైన చెప్పినట్టు అంతకంటే ఎక్కువ కావాలి.

వానకాలంలో హైవే మీద జారుతాయా?

మన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు నెల్లూరులో రోడ్లు ఎలా ఉన్నాయో చూసినవారికి చెప్పనక్కరలేదు. నీళ్లు నిలిచిన చోట ఏ.టి. లోతైన గాడులు నీటిని పక్కకు నెడతాయి, అది లాభం. పైపైన తడిసిన నున్నని తారు మీద మాత్రం హెచ్.టి. కంటే బ్రేకు దూరం ఎక్కువ, అది నష్టం. ముందు వాహనానికి ఇంకో బండి దూరం వదలండి.

గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరితే చట్టప్రకారం టైరు ఆయువు తీరినట్టే. గాడిలో అడ్డంగా ఉండే చిన్న గట్టుతో బటను సమానమైతే ఆ గుర్తు వచ్చిందన్నమాట. ఏ.టి. పని మాత్రం అంతకంటే ముందే అయిపోతుంది. మూడు మిల్లీమీటర్లకు వచ్చిందంటే అది ఖరీదైన హెచ్.టి.

మైలేజీ, చప్పుడు?

రెండూ కొంత చెడతాయి. నా బండిలో లీటరుకు ఒక కిలోమీటరు దాకా తగ్గింది. చప్పుడు 80 దాటాక తెలుస్తుంది, టైరు అరిగేకొద్దీ పెరుగుతుంది.

ఏ కంపెనీ మంచిది?

అపోలో, సియట్, ఎమ్మారెఫ్, జేకే, యోకొహామా, బ్రిడ్జ్‌స్టోన్, మాక్సిస్, మిషెలిన్ వారి బీఎఫ్ గుడ్‌రిచ్, ఇవన్నీ ఏ.టి. రకాలు చేస్తాయి. అపోలో కర్మాగారం ఒకటి మన పొరుగునే, శ్రీసిటీకి దగ్గరలోని చినపాండూరులో ఉంది. దానివల్ల ధర తగ్గుతుందని ఆశపడకండి. టైర్ల దిగుమతికి 2020 జూన్ నుంచి లైసెన్సు తప్పనిసరి చేశారు కాబట్టి విదేశీ రకాల్లో కొన్ని సైజులు అడిగినప్పుడు ఉండవు. అలాంటి టైరు ఒకటి చీలితే జోడీ దొరక్క నెలల తరబడి ఎదురుచూడాలి. నా పట్టుదల ఒక్కటే: ఒంగోలులోనో నెల్లూరులోనో అదే డిజైన్ మళ్లీ దొరుకుతుందా? దొరికితే ఏ పేరైనా ఫరవాలేదు.

ధర అడిగేటప్పుడు బిల్లుతో సహా అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధర చెబితే ఆ మాట గుర్తు చేయండి.

నాలుగు కొనాలా, ఐదా?

ఐదు. స్టెపినీ వేరే సైజుదైతే, ఫోర్ వీల్ డ్రైవ్ వేసినప్పుడు ముందు వెనుక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగి ఇంజను బలాన్ని ముందు వెనుకలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసును నలిపేస్తాయి. గిద్దలూరు అవతల అడవి దారిలో టైరు పోతే దిక్కు స్టెపినీయే. ఐదింటినీ 8,000 కిలోమీటర్లకోసారి వరుస మార్చి తిప్పితే అన్నీ సమానంగా అరుగుతాయి. అప్పుడే అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కూడా చేయించండి.

మంచి టైర్లు ఉన్నాయి కదా, నల్లమలలోకి దిగవచ్చా?

రోడ్డు వదిలి దిగకూడదు. దోర్నాల, శ్రీశైలం వైపు అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం పెద్దపులుల అభయారణ్యం. పెంచలకోన చుట్టూ ఉన్నదీ అభయారణ్యమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం లోపలికి పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. గుడి దాకా మంచి రోడ్డు ఉంది, హెచ్.టి. చాలు.

రీబటన్ ఏ.టి. టైర్లు చవకగా దొరుకుతున్నాయి. కొనవచ్చా?

రీబటన్ అంటే అరిగిన టైరుకు కొత్త బటన్ల పొర అతికించడం. లారీ వెనుక చక్రాలకు అది పాత అలవాటు, అక్కడ పక్కన ఇంకో టైరు ఉంటుంది. మన జీపుకు పక్కన ఎవరూ లేరు. వద్దు.

తీసేసిన పాత టైర్లు ఏమి చేయాలి?

బాగున్న వాటికి దుకాణంవారు మార్పిడి ధర కడతారు, బేరం ఆడండి. మిద్దె మీద పడేస్తే వాననీరు నిలిచి దోమలు పెరుగుతాయి. నా ఆఖరి సెట్టులో ఒకటి మా ఇంటి వేపచెట్టుకు ఉయ్యాల అయింది, మిగతావి తీరం వైపు తెలిసినవారు పడవల పక్కలకు కట్టుకోవడానికి పట్టుకెళ్లారు.